రాజుగారి మనిషి జాన్ ఈవ్లిన్

లండన్‌లో హంటేరియన్ మ్యూజియం చూసొచ్చా, చెక్క పలకల మీద నిజం మనిషి రక్తనాళాలు, నరాలు అతికించి ఉన్నాయి, ఒళ్ళు జలదరించింది అనుకోండి. 1640ల్లో ఇటలీలోని పాడువాలో వాటిని కొన్నది డైరీ రాసి పేరు తెచ్చుకున్న ఇంగ్లీషాయన జాన్ ఈవ్లిన్ అట, టూర్‌కెళ్ళి ఎవరైనా ఇవి కొంటారా!

అప్పట్నుంచి ఆయన గురించే చదువుతున్నా. ఇంగ్లండ్‌లో రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైతే 1642లో రాజు సైన్యం దగ్గరికి పోయాడు, కొన్ని రోజులకే వెనక్కొచ్చేశాడు, మన ఆస్తులు పోతాయి, రాజుకీ ఒరిగేదేం లేదని. తర్వాత ఫ్రాన్స్, ఇటలీ చుట్టేసి పారిస్‌లో రాజు తరఫు రాయబారి కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. భయస్తుడా తెలివైనోడా అంటే నేనైతే రెండోదే అంటా.

ఆ యుద్ధంలో రాజు ఓడిపోయాడు, ఆయన కొడుకు రెండో చార్లెస్ 1660లో రాజుగా విదేశాల నుంచి తిరిగొస్తుంటే ఈవ్లిన్ లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో నిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాడు, మరుసటేడే లండన్ బొగ్గు పొగ మీద పుస్తకం రాసి ఆ రాజుకే ఇచ్చాడు, పొగొచ్చే పనులన్నీ ఊరి బయటికి పంపండి మహాప్రభో అని. అంత భక్తి ఉన్నా ఆస్థానంలో జూదాలూ జల్సాలూ చూసి డైరీలో మాత్రం వదల్లేదు, నాకు అక్కడే నచ్చేశాడు.

ముసలితనంలో లండన్ దగ్గర డెట్‌ఫర్డ్‌లోని తన ఇల్లు అద్దెకిస్తే 1698లో రష్యా జార్ పీటర్ అందులో దిగి, ప్రాణంలా పెంచుకున్న తోటని నాశనం చేసి పోయాడు పాపం.