మూడు వారాల బ్రాంచ్‌ని మెయిన్‌తో కలిపిన రోజు

డెలివరీ ఛార్జీల పని కోసం గిట్‌లో (కోడ్‌లో మార్పుల్ని రికార్డు చేసి ఉంచే టూల్) బ్రాంచ్, అంటే నా మార్పుల కోసం కోడ్‌కి ఒక విడి పాయ, తీసి మూడు వారాలైంది. ఈలోగా మెయిన్‌లో, అంటే టీమంతా వాడే అసలు కోడ్‌లో, వచ్చిన మార్పుల్ని ఒక్కసారి కూడా నా బ్రాంచ్‌లోకి తెచ్చుకోలేదు. పనంతా అయ్యాక ఒకేసారి కలపొచ్చులే అనుకున్నాను. శుక్రవారం సాయంత్రం ‘గిట్ మెర్జ్ మెయిన్’ అని కలిపే కమాండ్ కొడితే పదకొండు ఫైళ్లలో కాన్‌ఫ్లిక్ట్: ఒకే చోట నేనూ, వాళ్లూ వేర్వేరుగా మార్చాం, ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేదు.

టెన్షన్‌లో మొదటి గంటంతా నా కోడ్ ఉంచి అవతలిది తీసేస్తూ పోయాను. నాలుగో ఫైల్ దగ్గర చెయ్యి ఆగింది. నేను తీసేస్తున్నది కూడా ఎవరో కష్టపడి రాసిందే కదా! మా టీమ్‌లో సీనియర్‌ని పిలిచాను. ఆవిడ చూసి, “ముందు అబార్ట్ కొట్టు. కమిట్ చేసింది, అంటే గిట్‌లో సేవ్ చేసింది, ఏదీ ఎక్కడికీ పోదు” అన్నారు. ‘గిట్ మెర్జ్ --అబార్ట్’ కొట్టగానే అంతా మెర్జ్‌కి ముందున్నట్టే వచ్చేసింది. ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత కాన్‌ఫ్లిక్ట్ చూపించే పద్ధతిని ‘డిఫ్3’కి మార్పించి, మళ్లీ మెర్జ్ చేయమన్నారు. ఆ రోజు నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది.

మామూలుగా గిట్ రెండు వైపులే చూపిస్తుంది. నా వైపు: 500 లోపు ఆర్డర్‌కి 30 రూపాయలు. మెయిన్ వైపు: 700 లోపు ఆర్డర్‌కి 40 రూపాయలు. ఏది ఉంచాలి? ఎంతసేపు చూసినా తేలదు. డిఫ్3లో ఆ రెండింటి మధ్య, నిలువు గీతల కింద, మూడోది కనిపించింది. బ్రాంచ్ విడిపోయిన రోజున ఉన్న అసలు లైను అది: 500 లోపు, 40 రూపాయలు. అంటే నేను మార్చింది ఛార్జీని, వాళ్లు మార్చింది పరిమితిని. ఉండాల్సింది 700 లోపు, 30 రూపాయలు. ఆ జవాబు ఏ వైపునా లేదు!

మిగతా ఫైళ్లు గంటన్నరలో అయిపోయాయి. కానీ కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు రన్ చేస్తే ఒకటి ఫెయిలైంది, అదీ అసలు కాన్‌ఫ్లిక్టే రాని ఫైల్లో. మెయిన్‌లో ఒక ఫంక్షన్ పేరు మార్చారు, నా కొత్త ఫైల్ ఇంకా పాత పేరుతోనే దాన్ని పిలుస్తోంది. గిట్ లైన్లనే పోలుస్తుంది, వాటి అర్థం దానికి తెలియదు. పేరు సరిచేసి మళ్లీ టెస్టులు నడిపాను.

ఆ 700 పరిమితి పెట్టినతనికి ఫోన్ చేసి కలిపిన లైను చదివి వినిపించాను. “కరెక్టే, అలాగే ఉండాలి” అన్నాడు. అప్పుడు పుష్ చేశాను, అంటే నా కోడ్‌ని టీమ్ సర్వర్‌కి పంపాను.