రాచకొండ గుట్టల్లో ఊడిన బూటు

2016లో హైదరాబాద్ తూర్పు శివార్ల పోలీసు కమిషనరేట్‌కు రాచకొండ అని పేరు పెట్టాక, పెట్రోలింగ్ బండ్ల మీద చదివీ చదివీ నాకది పోలీసుల పేరే అన్నట్టయిపోయింది. ఆ పేరుగల కోట ఊరి పక్కనే ఉందని తెలిసినా వెళ్లడానికి ఇన్నేళ్లు పట్టింది. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పదకొండు మందిమి కుదిరాం. బయల్దేరాల్సింది ఐదున్నరకి, కార్లు కదిలింది ఆరున్నరకి. ఇబ్రహీంపట్నంలో ఇడ్లీ, మంచాల మీదుగా రోడ్డు, అంతే.

ఎండాకాలంలో వచ్చిన మిత్రుడొకడు "బండలు తప్ప ఏం లేవక్కడ" అన్నాడు. వానలు పడ్డాక వచ్చి చూడాల్సింది వాడు. బండ కనబడితే ఒట్టు! గుట్టల నిండా సీతాఫలం చెట్లు, వాటి మధ్య పచ్చగా తంగేడు పూత, దారి పక్కన తెల్లగా గునుగు. బతుకమ్మకు కావలసినవన్నీ అక్కడే పూసి ఉన్నాయి.

కాలిబాటలో అరగంట నడిచామో లేదో, నా కుడికాలి బూటు అట్ట నోరు తెరిచింది. ఏడాదిగా అటక మీద పడున్న బూట్లు, బంక ఎండిపోయి ఉంటుంది. సంచికున్న తాడు విప్పి కట్టుకున్నాను. చప్పట్లు కొట్టినట్టు టప్ టప్‌మంటూ నడక. ఆ అవతారంతోనే మొదటి కోట ద్వారం కింద నిలబడ్డాను.

ఆ గోడలు చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇద్దరు మోయలేనంత రాళ్లు. సున్నం లేదు, మట్టి లేదు. రాయి అంచు చెక్కి పక్క రాయికి ఆనించారు, ఆ బరువే పట్టు. సందులో నా ఏటీఎం కార్డు పెట్టి చూశాను, కొన్ని చోట్ల అదీ దూరలేదు.

1323లో ఓరుగల్లు పడిపోయాక తలెత్తిన రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. ఆమనగల్లు నుంచి అనపోతానాయకుడు ఇక్కడికి మార్చాడు. అటు కొండవీటి రెడ్లతో ఎడతెగని పోరు. అంత గొడవల్లోనూ ఆ వంశపు రాజు సింగభూపాలుడు సంస్కృతంలో రసార్ణవసుధాకరం అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. పోతన భాగవతాన్ని తనకు అంకితమివ్వలేదని పాతిపెట్టించిందీ సింగభూపాలుడేనని కథ. నాకైతే నమ్మబుద్ధి కాదు. కానీ ఇక్కడ నేలలో ఏదో పాతిపెట్టారని నమ్మేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నట్టున్నారు. పాడుబడ్డ గుడి పక్కన గుప్తనిధుల కోసం తవ్విన గుంటలు నాలుగు లెక్కపెట్టాం. కోటను అవి పాడుచేసినంత వానలు చేయలేదనిపించింది.

పై మెట్టుకు చేరేసరికి మబ్బు కమ్మింది. పులిహోర డబ్బాలు తెరవగానే చినుకులు. సగం తిన్నాం, సగం తడిసింది.

దిగేటప్పుడు తండా నుంచి వచ్చిన ఒకావిడ గంపలో సీతాఫలాలు ఏరుకుంటూ కనబడింది.

"అక్కా, కాయలమ్ముతవా?"

"కండ్లు విచ్చినయే తీస్కో బిడ్డా, మిగతావి పండవు," అంటూ నా కాలు చూసి ఆగిపోయింది. గంపలోంచి ఒక గోనె పీలిక తీసి, తాడు మీద మరో చుట్టు చుట్టి, గట్టిగా ముడేసింది. డబ్బులు పండ్లకే తీసుకుంది.

ఆ ముడి ఇంటికొచ్చాక కత్తిరిస్తేగానీ ఊడలేదు.