కూర్చుంటే ఆ కవచం ఎటు పోతుంది?

టోక్యోలో నా ఉద్యోగం మొబైల్ గేములకి సమురాయ్‌ల (పాతకాలపు జపాన్ యోధుల) బొమ్మలు గీయడం, అదీ నిలువెత్తున, ఒంటినిండా పొరలు పొరలుగా కవచంతో. ఇంటి దగ్గర చెబితే "బొమ్మలేసినా వీసా ఇస్తారా?" అంటారు. ఇస్తారు, ఓవర్‌టైమ్ కూడా ఇస్తారు (పని మాట చెప్తున్నా, డబ్బుల సంగతి వేరు).

హైదరాబాద్‌లో ఔట్‌సోర్సింగ్ పని చేసే రోజుల్లో కవచం అంటే మెరవాలి, అంతే. పౌరాణిక సినిమాల్లో చూసిన బంగారు రేకే మా అందరి బొమ్మల్లోనూ ఉండేది, క్లయింట్లు కూడా ఇంకో రెండు కొమ్ములు పెట్టమనేవాళ్లు తప్ప వేరే ఏమీ అడిగేవాళ్లు కాదు. ఇక్కడ మా లీడ్ ఒకావిడ, ఏ స్కెచ్ చూపించినా రెండే ప్రశ్నలు. "ఈయన కూర్చుంటే ఇదెటు పోతుంది? ముడి ఎక్కడ?"

నిషి-కసాయిలో మనవాళ్లు ఆదివారం క్రికెట్‌కి పిలుస్తుంటారు, నేను ఎక్కువగా ఉఎనోలోని టోక్యో నేషనల్ మ్యూజియంకి పోతాను. అక్కడ పాత కవచాలు చూస్తే ఆవిడ గోల అర్థమవుతుంది. గుర్రం మీద నుంచి బాణాలేసే వాళ్ల కోసం పుట్టిన ఓ-యొరొయి అనే కవచంలో నడుం కింద వేలాడే పలకలు నాలుగే, పెట్టెలా ఉంటాయి. నేల మీద నడిచి పోరాడేవాడి కవచం దో-మారుకి అవే ఎనిమిది, కాళ్లు ఆడాలి కదా. రెండు చేతులూ విల్లుకే సరిపోతే డాలు పట్టేదెవరు? అందుకే భుజాల మీద ఆ పెద్ద పలకలు. అవి ముందుకి జారిపోకుండా తాళ్లు వెనక్కి తీసుకెళ్లి వీపు మీద పెద్ద అలంకారపు ముడికి కడతారు. చాలామంది ఆర్టిస్టులు ఆ ముడిని ఊరికే అందం కోసం అనుకుని ఎక్కడ పడితే అక్కడ వేసేస్తారు, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి నేను ముందు గీసేది కవచం లేని మనిషిని. ఎనిమిది తలల ఎత్తు, బరువు ఏ కాలి మీద ఉందో, నడుం ఎటు వంగిందో తేలేదాకా ఒక్క పలక కూడా వెయ్యను. తర్వాత నిజంగా తొడిగినట్టే కింద బట్టలు, పిక్కల కవచం, తొడల కవచం, చేతుల తొడుగులు, అప్పుడు ఛాతీది, భుజాల పలకలు, చివర్లో శిరస్త్రాణం. ఈ వరసలో పోతే ఏది దేని మీదకి వస్తుందో బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. చిన్న చిన్న పొలుసుల్ని పట్టుదారాలతో అల్లిన చోట మాత్రం ఓపిక కావాలి, ప్రతి దారం ఛాతీ వంపుతో పాటు తిరగాలి, సాఫ్ట్‌వేర్‌లోని బ్రష్‌తో డిజైన్ అచ్చు గుద్దితే మనిషి డ్రమ్ములా కనిపిస్తాడు.

అసలు చాకిరీ ఆ తర్వాత మొదలవుతుంది. గేములో ఈ యోధుడు ఊపిరి తీసుకుంటాడు, భుజం కదుపుతాడు, కాబట్టి బొమ్మని ముక్కలుగా వేరే వేరే లేయర్లలో ఇవ్వాలి. భుజం పలక కాస్త జరిగితే వెనకాల ఖాళీ కనపడకూడదు, అంటే దాని కింద చెయ్యి, చేతి తొడుగు, లోపలి బట్ట మడత అన్నీ పూర్తిగా గీసి రంగులెయ్యాల్సిందే. వాటిలో చాలా భాగం ఆడేవాళ్లెవరూ ఎప్పటికీ చూడరు. విడుదలయ్యేదాకా ఇంట్లో చూపించకూడదు, అయ్యాక నా పేరూ ఉండదు. అమ్మకి ఒకసారి మ్యూజియం ఫొటో పంపితే "ఇవన్నీ కట్టుకుని బాత్రూమ్‌కి ఎలా పోతాడ్రా?" అంది. మా లీడ్ అడగని ప్రశ్న అదొక్కటే.

ఇండియాలో ఉండి ఇవి గీయాలనుకునే పిల్లలు ఏ బ్రష్ కొనాలని మెసేజ్‌లు పెడుతుంటారు. బ్రష్ ఏదైనా పర్లేదు. జపాన్ జాతీయ మ్యూజియంల వస్తువుల ఫొటోలు కోల్‌బేస్ అనే సైటులో ఉచితంగా ఉన్నాయి, వెనక వైపు ఫొటో ఉన్న కవచం దొరికితే ముందు దాన్ని గీయండి.