సైడ్ వన్ ఆఖరి పాట, సైడ్ టూ మొదటి పాట

ఆల్బమ్‌లో పాటల వరుస గురించి మాట్లాడితే చాలామంది "మంచి పాటలుంటే చాలు కదా, ఏది ముందొస్తే ఏంటి, ఏది వెనకొస్తే ఏంటి" అంటారు. నేను మాత్రం అస్సలు ఒప్పుకోను. అవే పాటలు వరుస మారిస్తే వేరే ఆల్బమ్ అయిపోతుంది, నిజంగా. దీనికి నేను ఎప్పుడూ చూపించేది ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ (జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్) వాళ్ళ ఆల్బమ్ యాబీ రోడ్, 1969 సెప్టెంబర్ 26న వచ్చింది. అప్పట్లో ఆల్బమ్ అంటే ఎల్పీ రికార్డ్, రెండు వైపులా పాటలుంటాయి, సైడ్ వన్ అయిపోయాక తిప్పి సైడ్ టూ పెట్టుకోవాలి.

సైడ్ వన్ ఆఖరి పాట ఐ వాంట్ యూ. దాదాపు ఎనిమిది నిమిషాల పాట అది. మాటలు చాలా తక్కువ, లెనన్ అవే నాలుగు ముక్కలు తిప్పి తిప్పి పాడతాడు, ఇక చివరి మూడు నిమిషాలైతే పాడటం కూడా ఉండదు, ఒకే గిటార్ వరస మళ్ళీ మళ్ళీ మళ్ళీ, దాని వెనక మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం నుంచి హోరు మొదలై, మెల్లగా పెరుగుతూ పెరుగుతూ పాటనే మింగేసేలా అవుతుంది. ఇదెలా ఆగుతుందిరా బాబూ అనుకుంటుంటే టక్కున కట్. మెల్లగా తగ్గిపోయే ఫేడ్ అవుట్ లేదు, చివరి దెబ్బ లేదు, వరస మధ్యలోనే టేపు కోసేశారు, అలా కోయమన్నది లెననే. మొదటిసారి విన్నవాళ్ళు కరెంటు పోయిందేమో అనుకుంటారు!

ఆ తర్వాత రికార్డ్ తిప్పి ముల్లు పెడితే హియర్ కమ్స్ ద సన్. ఒక్క ఎకౌస్టిక్ గిటార్ తేలిగ్గా మొదలవుతుంది. జార్జ్ హారిసన్ ఆ ఏడాది వసంతంలో తన స్నేహితుడు, గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో కూర్చుని రాసిన పాట, పొడుగాటి చలికాలం పోయి ఎండ వచ్చిందన్నదే అందులో సంగతి. ఈ పాట విడిగా విన్నా బాగుంటుంది, ఎవరు కాదన్నారు, కానీ ఆ హోరు విని, ఆ కోత తిని, అప్పుడు ఆ గిటార్ వింటే ఛాతీ మీంచి బరువు దిగినట్టుంటుంది. పాటలో చెప్పే చలికాలం అంతకుముందు పాటలో ఉందన్నమాట! విడిగా విన్నవాళ్ళకి ఎండ ఒక్కటే దొరుకుతుంది.

ఇందులో నాకు బాగా ఇష్టమైన విషయం ఇంకోటుంది. ఎల్పీ రికార్డ్ తిరిగే స్పీడ్ మొదటినుంచీ చివరిదాకా ఒకటే, కానీ ముల్లు లోపలికి వెళ్ళేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అంటే ఒక సెకను సంగీతానికి దొరికే చోటు తగ్గిపోతుంది, దాంతో సౌండ్ కూడా, ముఖ్యంగా పై స్థాయి శబ్దాలు, కొంచెం పాడవుతాయి. అందుకని గట్టిగా మోగే పాటలు బయటి అంచున, మెత్తటివి సైడ్ చివర్లో పెట్టడం ఇంజనీర్లకి అలవాటు. పైగా ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే సౌండ్ తగ్గించాల్సొస్తుంది. వీళ్ళు దాదాపు 25 నిమిషాల సైడ్ పెట్టి, అందులో అన్నిటికన్నా బరువైన పాటని తీసుకెళ్ళి సరిగ్గా ఆ లోపలి చివరన పెట్టారు. టెక్నికల్‌గా చూస్తే దానికి అదే అన్నిటికన్నా చెడ్డ చోటు. ఆల్బమ్‌గా చూస్తే అదొక్కటే సరైన చోటు.

అసలైతే ఇది తప్పిపోయేదే. 1969 ఆగస్టు 20న నలుగురూ స్టూడియోలో కూర్చుని ఐ వాంట్ యూ పని పూర్తిచేసి, వరుస చూసుకున్నారు (నలుగురూ కలిసి ఆ స్టూడియోలో ఉన్న ఆఖరి రోజు కూడా అదే). ఆ రోజు వేసిన వరుసలో రెండు సైడ్లూ తారుమారుగా ఉన్నాయి. ఒక్కసారి ఊహించుకోండి, ఎండ పాటతో ఆల్బమ్ మొదలవుతుంది, ఇప్పుడు సైడ్ టూ చివర్లో ఉన్న ద ఎండ్ అనే పాట ఆల్బమ్ మధ్యలో పడుతుంది, అన్నిటికన్నా ఆఖర్న ఆ కోత! లెట్ ఇట్ బీ ఆల్బమ్ 1970లో వచ్చినా చాలావరకు ముందే రికార్డ్ చేసింది కాబట్టి వాళ్ళు కలిసి చేసిన చివరి ఆల్బమ్ నిజానికి ఇదే. ఇప్పుడున్న వరుసలో ద ఎండ్ వీడ్కోలులా వినిపిస్తుంది, రింగో డ్రమ్స్ సోలో, తర్వాత మిగతా ముగ్గురూ వంతులేసుకుని గిటార్ వాయించడం. ఆ పాత వరుసే ఉంచేసుంటే మాట మధ్యలో తలుపు వేసేసినట్టు ఉండేది. పాటలు అవే, ఒక్క సెకను కూడా మారలేదు.

రెండో సైడ్‌లో మెడ్లీ, అంటే చిన్న చిన్న పాటల్ని ఒకదానికొకటి అతికించి కట్టిన వరుస, దాని సంగతైతే ఇంకా గట్టి సాక్ష్యం. అందులో చాలావరకు పూర్తికాని ముక్కలు, విడిగా పెడితే నిలబడవు. ఒక ముక్క చివర కీచురాళ్ళ చప్పుడు వస్తుంది, దాంట్లోంచే సన్ కింగ్ మెల్లగా లేస్తుంది. మెడ్లీ మొదట్లో విన్న ట్యూన్ చివర్లో క్యారీ దట్ వెయిట్‌లో మళ్ళీ తగులుతుంది, వరుసగా వినకపోతే ఆ గుర్తుపట్టే ఆనందమే ఉండదు. లెనన్‌కి ఈ మెడ్లీ అంతగా నచ్చలేదని తర్వాత ఆయనే చెప్పాడు, నాకైతే ఈ విషయంలో ఆయనతో ఏకీభవించడం కుదరదు.

మనవాళ్ళకి వరుస తెలీదని కాదు. కేసెట్ల రోజుల్లో రికార్డింగ్ షాపుకి కాగితం మీద పాటల లిస్ట్ రాసి ఇచ్చినవాళ్ళందరూ ఈ పని చేసినవాళ్ళే. సిక్స్టీ కేసెట్ అంటే సైడ్‌కి ముప్ఫై నిమిషాలు, ఆరు పాటలు పట్టొచ్చు, ఏడోది మధ్యలో తెగుతుంది, అందుకని చివర్లో చిన్న పాట ఏదుందా అని వెతకడం, రెండు విషాద గీతాలు పక్కపక్కన పడకుండా చూసుకోవడం, సైడ్ బీ మొదట్లో మంచి హుషారైన పాట పెట్టడం. ఎవరూ నేర్పలేదు, చెవికే తెలిసేది. సినిమా కేసెట్లలో మాత్రం వరుస కథ ప్రకారం ఉండేది తక్కువ, హిట్ అవుతుందనుకున్నది ముందు వేసేవాళ్ళు. ఇప్పుడైతే ఒక్కో పాట విడివిడిగా లిరికల్ వీడియోగా వస్తోంది, సినిమా విడుదలయ్యేసరికి అన్నీ విడివిడిగానే అలవాటైపోతాయి, మొత్తం ఆల్బమ్ కూర్చుని వినే సందర్భమే రావట్లేదు. నాకిది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే మన సంగీత దర్శకులు కావాలంటే ఇలాంటి వరుస అద్భుతంగా కట్టగలరు.

2021లో గాయని అడెల్ తన కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు అడిగితే స్పాటిఫై వాళ్ళు ఆల్బమ్ పేజీలో షఫుల్ (పాటల్ని వరుస లేకుండా కలిపి వేసేది) ముందుండకుండా తీసేశారు, పాటల వరుసని ఎంతో ఆలోచించి పెడతామని ఆమె చెప్పింది. అప్పుడు చాలా సంతోషమేసింది.

యాబీ రోడ్ ఎప్పుడూ వరుసగా విననివాళ్ళు ఈ వారం విని చూడండి, మొత్తం 47 నిమిషాలే. షఫుల్ ఒక్కటే కాదు, యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్రాస్‌ఫేడ్ కూడా ఆఫ్ చెయ్యండి, అది ఆన్‌లో ఉంటే ఐ వాంట్ యూ చివరి కోత మీదకి తర్వాతి పాట గిటార్ వచ్చి పడుతుంది, ఇంత రాసినదానికి అర్థం లేకుండా పోతుంది. ద ఎండ్ అయిపోయాక వెంటనే ఆపెయ్యకండి, పద్నాలుగు సెకన్ల నిశ్శబ్దం తర్వాత హర్ మెజెస్టీ అని ఒక బుల్లి పాట ఉంది. మెడ్లీ మధ్యలోంచి పాల్ తీసేయమన్న ముక్క అది, టేపు ఆపరేటర్ పారేయకుండా రీల్ చివర అతికించాడు, విన్నాక పాల్‌కి నచ్చి అలాగే ఉంచేశారు. దాని మొదట్లో వినిపించే పెద్ద దెబ్బ అంతకుముందు దాని పక్కనున్న పాటది.