కలడో లేడో: గజేంద్రుడి సందేహం, మన పిల్లల ప్రశ్న

గజేంద్ర మోక్షం మనలో చాలామందికి బడిలో తెలుగు వాచకంలోనే పరిచయమైంది. మడుగులో దిగిన ఏనుగు, కాలు పట్టిన మొసలి, చివర్లో దూసుకొచ్చే చక్రం. పరీక్ష కోసం కంఠతా పట్టిన పద్యం 'సిరికిం జెప్పడు'. కష్టం వచ్చినప్పుడు పెద్దవాళ్లు తలుచుకునేది 'లావొక్కింతయు లేదు'. ఈ రెండింటికీ ముందు ఒక చిన్న కందపద్యం ఉంది. అందరికీ నోటికి వచ్చు. అందులో ఏముందో మాత్రం పెద్దగా పట్టించుకోం.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు కలండనెడివాడు గలడో లేడో

దీనుల దగ్గర ఉంటాడంటారు. మహాయోగుల దగ్గర ఉంటాడంటారు. అన్ని దిక్కులా ఉంటాడంటారు. ఇంతమంది ఉన్నాడు ఉన్నాడు అంటున్న ఆయన అసలు ఉన్నాడా, లేడా?

మొసలి నోట్లో కాలు ఉండగా, ప్రార్థన మధ్యలో గజేంద్రుడు అన్న మాట ఇది. అంతకు కొన్ని పద్యాల ముందే 'ఎవ్వనిచే జనించు జగము' అని మొదలుపెట్టి, లోకాలన్నీ పోయాక మిగిలే పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానని అద్భుతంగా స్తోత్రం చేశాడు. అంత చెప్పిన నోటితోనే ఈ సందేహమూ వచ్చింది. సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తుతి చదివితే ఇలాంటి అనుమానం ఎక్కడా కనిపించదు. ఇది మన పోతన చేర్చిన మాట. ఓరుగల్లు సీమలోని బమ్మెరలో, 15వ శతాబ్దంలో, తన చేత రామభద్రుడే పలికిస్తున్నాడని నమ్మి రాసిన పరమభక్తుడు, ఏనుగు చేత 'ఉన్నాడో లేడో' అనిపించాడు. ఆ పద్యాన్ని ఎవరూ తీసేయలేదు. ఆరేళ్ల పిల్లలకు కూడా నేర్పాం, బహుమతులు ఇచ్చాం.

అదే మాట మన ఇంట్లో పదహారేళ్ల పిల్లాడు అంటే ఏం చేస్తాం? "కళ్లు పోతాయ్, లెంపలేసుకో" అంటాం. కొంచెం చదువుకున్న తండ్రి అయితే "రెండు ముక్కలు సైన్సు రాగానే ఇంతవాడివయ్యావా" అంటాడు. ఆ తర్వాత పిల్లాడు అడగడం మానేస్తాడు. ఇంకో నాలుగేళ్లకు, ఈ కాలం పిల్లలకు దైవభక్తి లేదని మనం బంధువుల దగ్గర వాపోతాం.

నిజంగా తగ్గిందా అంటే, లెక్కలు చూస్తే మన దేశంలో అలా కనిపించదు. ప్యూ రీసెర్చ్ సంస్థ 2019 చివర్లో, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30,000 మందిని 17 భాషల్లో అడిగితే 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కట్టి, 41 రోజుల అయ్యప్ప దీక్షలో ఉన్న కుర్రాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. హైదరాబాద్ దగ్గర చిలుకూరులో శనివారాలు చూడండి. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. తిరిగేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపు వాళ్లే, చేతిలో లెక్క రాసుకునే కాగితం ముక్కతో. అమెరికాలో సంగతి వేరు. అక్కడ 2023-24లో అదే సంస్థ అడిగితే పెద్దల్లో 29 శాతం మంది తమకు ఏ మతమూ లేదన్నారు. 18 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లలో అది 43 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే తెలుగు పిల్లలకు స్నేహితులు వీళ్లే. "నేను ఏ మతానికీ చెందను" అనడం వాళ్ల చుట్టూ చాలా మామూలు మాట. సెలవులకు వచ్చి తాతయ్య పక్కన సత్యనారాయణ వ్రతంలో కూర్చున్నప్పుడు వాళ్ల మనసులో ఏముందో మనం ఊహించుకోవచ్చు.

గుళ్లలో రద్దీ చూసి భక్తి పెరిగిందనుకోవడం నాకు తొందరపాటుగా తోస్తుంది. వీసా కోసమో ర్యాంకు కోసమో తిరిగే ప్రదక్షిణను నేను తక్కువ చేయను. కోరికతో వచ్చే భక్తుణ్ణి కూడా గీతలో కృష్ణుడు మంచివాడనే అన్నాడు. అయితే పని అయిపోయాక ఆ తిరుగుడు ఎక్కడికి దారి తీస్తుందో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండటం లేదు. పని కాకపోతే పరిస్థితి ఇంకా కష్టం. 11 తిరిగాను, రాలేదు, కాబట్టి లేడు. లెక్క అక్కడితో తేలిపోతుంది.

నాకు అర్థమైనంతవరకు పిల్లల నమ్మకాన్ని పోగొట్టింది నాస్తికులు కాదు. మన వాట్సాప్ గ్రూపులు చేసిన నష్టం వాళ్లు చేయలేదు. "పదకొండు మందికి పంపండి, సాయంత్రానికల్లా శుభవార్త వింటారు." "మన ఆచారం చూసి నాసా ఆశ్చర్యపోయింది." ఇంజనీరింగ్ చదివే పిల్ల ఇది రెండు నిమిషాల్లో వెతికి అబద్ధమని తేల్చుకుంటుంది. దాన్ని పంపింది సొంత మావయ్య. ఇదే అబద్ధమైతే, ఆయన చెప్పే మిగతావి మాత్రం నిజమని ఎందుకు అనుకోవాలి? గుడి దగ్గరా అంతే. దేవుడి ముందు అందరూ ఒకటే అని చిన్నప్పుడు చెప్పిన మనమే, వాళ్లను వెంటబెట్టుకుని సిఫారసు ఉత్తరం చూపించి, క్యూలో గంటల తరబడి నిలబడ్డ ముసలివాళ్లను దాటి వెళ్లిపోతాం. పిల్లలు గమనిస్తారు. అప్పుడేమీ అనరు.

ఇక రూపం సంగతి. "నాకు పూజలు, తంతులు ఎక్కవు, కానీ ఏదో శక్తి ఉందనిపిస్తుంది" అని ఈ మధ్య పిల్లలు తరచూ అంటున్నారు. పెద్దలకు ఇది నచ్చదు, అటూ ఇటూ కాని మాటలా వినిపిస్తుంది. కానీ గజేంద్రుడు పిలిచింది కూడా ఇలాగే. ఫలానా రూపం, ఫలానా లోకం అని చూపకుండా అన్నిటికీ మూలమైనవాణ్ణి పిలిచాడు. అందుకే తమ తమ రూపాల మీద అభిమానమున్న బ్రహ్మాది దేవతలు విని కూడా కదల్లేదని సంస్కృత మూలం చెబుతుంది. పోతన దీన్ని ఆటవెలదిలో పెట్టాడు: 'విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదు లడ్డపడక'. అంతా తానే అయినవాడు కనుక విష్ణువు కదిలాడు. గజేంద్రుడు 'నారాయణా' అని తామరపువ్వు ఎత్తి నమస్కరించడం మూలంలో ఆయన వస్తూ కనిపించాక జరుగుతుంది. పేరు పెట్టి పిలవలేనివాడి మొర కూడా చేరుతుందని చెప్పే కథను ఇంట్లో పెట్టుకుని, ఏ పేరూ పెట్టలేకపోతున్న పిల్లలను మనం కోప్పడుతున్నాం.

ఈ రోజుల్లో విశ్వాసం దేనికి పనికొస్తుంది అని అడిగితే నేను 'లావొక్కింతయు లేదు' దగ్గరికే వెళ్తాను.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

ఒంట్లో బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, స్పృహ పోతోంది, అలిసిపోయాను. రెండు పాదాల నిండా ఉన్నది ఇదే. ఎవరీ మాట అంటున్నది? ఏనుగుల రాజు. మొసలితో వెయ్యేళ్లు పోరాడినవాడు. భార్యలు, మంద అంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా అన్నాడు. సిగ్గుపడలేదు.

మన పిల్లలకు ఈ మాట అనే వీలుందా? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తర్వాతా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పేపర్లలో అలాంటి వార్తలు చూస్తూనే ఉన్నాం. ఆ పిల్లల మనసులో ఏముందో నేను చెప్పలేను, చెప్పడం తగదు కూడా. నాకు తెలిసింది మన ఇళ్ల సంగతి. హాస్టల్లో ఉన్న కొడుకు ఫోన్ చేసి "నావల్ల కావట్లేదు నాన్నా" అంటే "ఇంకో రెండు నెలలు ఓర్చుకో, పక్కింటి వాళ్లబ్బాయి చదవట్లా?" అని ఫోన్ పెట్టేస్తాం. అదే రోజు సాయంత్రం దీపం పెట్టి 'లావొక్కింతయు లేదు' రాగయుక్తంగా పాడతాం. బలం అయిపోయిందని ఒప్పుకోవడం ఓటమి కాదని ఆ పద్యం చెబుతోంది. దాన్ని పాడటం నేర్పాం, ఇంట్లో అనడం మాత్రం నేర్పలేదు.

భక్తి ఉంటే డాక్టరు అక్కర్లేదని మాత్రం నేను అనను. అలా అనేవాళ్లను నమ్మకండి. మనసు బాగోలేనప్పుడు ఆసుపత్రికి వెళ్లడం, టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయడం భక్తికి అడ్డేమీ కాదు. బలం లేనివాడు సాయం కోసం గొంతెత్తడమే ఈ కథ మొత్తం.

'లావొక్కింతయు లేదు' తర్వాత వచ్చే పద్యం ఇంకా విచిత్రమైంది. 'నీవే తప్ప ఇంకెవరూ తెలియదు' అనేశాక సందేహం తీరిపోవాలి కదా. తీరలేదు.

వినుదట జీవుల మాటలు
చనుదట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదట పిలిచిన సర్వము
గనుదట సందేహమయ్యె గరుణావార్ధీ!

జీవుల మాటలు వింటావట, వెళ్లలేని చోట్లకూ వెళ్తావట, శరణన్నవాళ్లు పిలిస్తే ఓయ్ అంటావట, అన్నీ చూస్తావట. నాకు అనుమానంగా ఉందయ్యా, దయాసముద్రుడా! మొదటి పద్యంలో ఆయన గురించి ఎవరితోనో అన్నట్టుంది, ఉన్నాడో లేడో అని. ఇక్కడ ఆ అనుమానాన్నే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. సందేహం పోలేదు, కానీ వినేవాడు దొరికాడు. శరణాగతి తర్వాత కూడా అనుమానం వస్తుందని, వచ్చినా ఆయన్ని పిలవడం ఆపక్కర్లేదని పోతన ఇంత మామూలుగా చెప్పేశాడు. మన ఉపన్యాసాల్లో ఈ పద్యం మీద ఎక్కువసేపు ఆగేవాళ్లను నేను చూడలేదు. చప్పట్లన్నీ 'అల వైకుంఠపురంబులో'కే.

పెద్దవాళ్లలో కొందరు నన్ను అడుగుతుంటారు: సరే, పిల్లలను బలవంతం చేయొద్దంటారు, మరి ఏమీ నేర్పకుండా వదిలేయమంటారా? వదిలేయమనను. అంత ఆపదలో గజేంద్రుడు కొత్తగా స్తోత్రం అల్లలేదు. క్రితం జన్మలో, ఇంద్రద్యుమ్న మహారాజుగా ఉన్నప్పుడు నేర్చుకున్న జపం అప్పుడు పైకి వచ్చింది. 'ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్' అంటుంది మూలం. ఏనుగు జన్మలో ఒడ్డున తిరిగినన్నాళ్లూ దానితో పనిపడలేదు. కాబట్టి పద్యం నేర్పండి, అర్థం చెప్పండి, సందేహపు పద్యాలు కూడా దాచకుండా నేర్పండి. అది ఎప్పుడు అక్కరకొస్తుందో, అసలు వస్తుందో రాదో వాళ్ల బతుకు తేలుస్తుంది. ఆదివారం పొద్దున్నే పదిన్నరకు నిద్రలేచిన కొడుకు చేత బలవంతంగా విష్ణు సహస్రనామం చదివిస్తే ఆయనకు ఇటు పుణ్యమూ రాదు, అటు నిద్రా ఉండదు.

చివరికి పిల్ల ఆలోచించి, చదివి, "నాకు నమ్మకం లేదు" అనే తేల్చుకుంటే? అదీ జరుగుతుంది. మన తెలుగునేల మీద అది కొత్త కాదు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడకు మారింది. ఆయన సేవాగ్రామ్ వెళ్లి, రోజూ రెండుపూటలా ప్రార్థన చేసే గాంధీతో దేవుడు లేడని వాదించారు. నా ఆస్తికత్వం ఒప్పని గానీ, మీ నాస్తికత్వం తప్పని గానీ నేను చెప్పలేను, ఇద్దరమూ సత్యం కోసం వెతికేవాళ్లమే అని గాంధీ అన్నట్టు గోరా రాసుకున్నారు. గోరా కూతురికి ఒక దళిత యువకుడితో పెళ్లి నిశ్చయమైతే ఆశ్రమంలో జరిపించడానికి, తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురయ్యారు. మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది.

మన పిల్లలు అడిగేవి అంత పెద్దవి కూడా కావు. వ్రతంలో పీటల మీద కూర్చోను, పక్కన కూర్చుని కథ వింటానంటారు. తిరుపతి వస్తాను, సిఫారసు ఉత్తరం మాత్రం వద్దు, లైన్లోనే వెళ్దామంటారు. ఆ రెండోది విన్నప్పుడు నాకైతే సంతోషమే.