ఇచ్ఛాపురం మెడికల్ షాపులో ఒరియా నేర్చుకున్న నా అనుభవం

మాది బొబ్బిలి దగ్గర, ఒరియా ముక్క రాదు. ఇచ్ఛాపురంలో మెడికల్ షాపులో చేరాక తెలిసింది, ఊరు దాటితే ఒడిశాయే, బేరం చాలావరకు అటుపక్క పల్లెల వాళ్లదేనని. సరే అని ఫోన్లో యాప్ ఏసుకుని రాత్రిపూట రంగులు, పళ్లు, జంతువులు బట్టీ పట్టాను, పొద్దున్న కౌంటర్ దగ్గరకొచ్చేసరికి ఒక్కటీ నోటికి రాదు, వచ్చినా మందుల షాపులో ఏనుగుతో నాకేటి పని.

షాపులో అన్నయ్యలిద్దరికీ ఒరియా బాగా వచ్చు, వాళ్లతో తిరిగితే అదే వచ్చేస్తాది అనుకున్నాను గానీ బండి అక్కడే ఆగిపోయింది. నేను కాస్త తడబడితే చాలు తెలుగులోకి వచ్చేస్తారు, పక్క టీకొట్టాయనా అంతే. అందరికీ అందరూ తెలిసిన గుంపు, ఆ గుంపు మాట తెలుగు, నా ఒక్కడి కోసం ఎవరు మార్చుకుంటారు? లెస్లీ మిల్రాయ్ అని భాషల మీద పరిశోధన చేసే ఒకావిడ ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ కార్మికుల పేటల్లో తిరిగి 1980లో పుస్తకం వేసింది, మనుషుల మధ్య సంబంధాలు ఎంత చిక్కగా ఉంటే వాళ్ల సొంత యాస అంత గట్టిగా నిలబడతాదని. అది చదివితే నాకు మా షాపే కనపడింది.

నాకు నిజంగా నేర్పింది తెలుగు అస్సలు రాని ఒక మావుసి, అంటే ఒరియాలో పిన్నమ్మ. బీపీ మాత్రలకి నెలనెలా వస్తాది, మనవడిని వెంటేసుకుని. వాడి పొట్ట చూపించి "పేటొ" అంటాది, నేను "కెతె దినొ హెలా", ఎన్నాళ్లయిందని అడిగి తీరాలి, సైగలతో డోసు చెప్పలేం కదా. అలా జొరొ అంటే జ్వరం, కాసొ అంటే దగ్గు, తిన్నాకా తినకముందా, పొద్దున్నా రాత్రా, అన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చేశాయి. ఒక మాట కదిలితే బుర్రలో దాని చుట్టుపక్కల మాటలు కూడా లేస్తాయని కాలిన్స్, లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1975లోనే రాశారు. యాప్‌లో నేర్చుకున్న ఏనుగుకి చుట్టుపక్కల ఎవరూ లేరు మరి.

మన గిడుగు రామ్మూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా తెలుగొచ్చిన సవర గిరిజనుడినే ఇంట్లో పెట్టుకుని వాళ్ల సవర భాష నేర్చుకున్నారు. నాకు తెలుగొచ్చిన వాళ్లతో పనవ్వలేదు, ఆయన పట్టుదల వేరులెండి.

ఇప్పుడు మందుల వరకు గడగడా మాట్లాడేస్తాను. మొన్న బరంపురంలో పెళ్లికెళ్తే పక్కనాయన రాజకీయాలెత్తాడు, అంతే, నోరు పెగల్లేదు. అందుకే సాయంత్రాలు అటుపక్క ఊరి కుర్రాళ్లతో క్రికెట్‌కి ఎల్తున్నాను, ముందు తిట్లొచ్చాయి, మిగతాది వస్తాది. చిల్లర లెక్క మాత్రం ఇంకా తెలుగులోనే, మావుసికి దాని మీద నమ్మకం లేదు, తనే మళ్లీ లెక్కెట్టుకుని మరీ ఎల్తాది.