నిద్ర తగుల్తోందమ్మా

మా చిన్నాడు రాత్రిపూట కళ్ళు నులుముకుంటూ వచ్చి "అమ్మా, నాకు నిద్ర తగుల్తోంది" అంటాడు. ఒడిశాలోని బరంపురంలో పుట్టిన పిల్లాడు. నిద్రొస్తోంది అనడానికి ఒడియాలో "నిదొ లాగుచి" అంటారు. లాగుచి అంటే తగులుతోంది, అంటుకుంటోంది అని. ఆ మాటని వాడు ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపేసుకున్నాడు. మొదటిసారి విన్నప్పుడు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు "ఎండ తగుల్తుంది, దెబ్బ తగుల్తుంది, నిద్ర తగలడమేంట్రా?" అంటూ వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నారు. "నిద్ర వస్తుంది నాన్నా" అని దిద్దారు.

"ఎక్కణ్ణించి వస్తుంది మామ్మా?" అన్నాడు వాడు. ఆవిడ గోదారి అవతల నుంచి పడవ మీద వస్తుందని ఏదో కథ అల్లి చెబుతుండగానే నిద్రపోయాడు.

అప్పటికి రాత్రి పదిన్నర దాటింది. ఏడేళ్ళ పిల్లాడు అంతసేపు మేలుకుని ఉన్నాడంటే దానికి కారణం నేనే.

నేను 2011లో పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. బరంపురంలో తెలుగు వినబడక ఇబ్బంది పడేదేమీ లేదు. కూరల బజారు నుంచి పట్టు చీరల దుకాణం దాకా తెలుగుతోనే గడిచిపోతుంది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు పుట్టిన ఊరు ఇది. ఇచ్ఛాపురం రైలెక్కితే ఇట్టే వస్తుంది. అయితే మా పిల్లలకి చెవిన పడే తెలుగుంది గానీ కంటపడే తెలుగు లేదు. బళ్ళో ఇంగ్లీషు, ఆ తర్వాత ఒడియా, ఆపైన హిందీ. తెలుగు అక్షరానికి ఆ పుస్తకాల సంచీలో చోటు లేదు.

మూడేళ్ళ కిందట మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళాం. ఎవరో పెద్దాయన మా పెద్దమ్మాయి చేతికి శుభలేఖ ఇచ్చి "చదువమ్మా, ముహూర్తం ఎప్పుడో" అన్నారు. అది కార్డుని అటూ ఇటూ తిప్పి నా వైపు చూసింది. ఆయన ఏమీ అనలేదు, నవ్వి కార్డు వెనక్కి తీసుకున్నారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. తిరిగొచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో తెలుగు బడి పెట్టాను.

సమయం ఎక్కడుంది? బడి నుంచి వచ్చేసరికి మూడు. ఆరింటికి ట్యూషను, ఎనిమిదింటికి రావడం, హోంవర్కు, తొమ్మిదిన్నరకి భోజనం. ఇక్కడ చాలా ఇళ్ళలో రాత్రి భోజనం ఆలస్యమే, మాకూ అదే అలవాటైంది. ఇక మిగిలింది పది నుంచి పదకొండు. ఆ గంటని నేను తెలుగుకి రాసిచ్చేశాను. అది పిల్లల నిద్రలోంచి కోసిన గంట అని అప్పుడు నాకు తట్టలేదు. ఖాళీగా కనబడింది, తీసుకున్నానంతే.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. పెద్దదానికి ఒకరోజు "అమ్మమ్మ" అని పదిసార్లు రాయమన్నాను. మొదటి ఐదూ ముత్యాల్లా ఉన్నాయి. ఆరోది గీత దిగి కిందికి జారింది. ఏడోదానికి మకారం వత్తు లేదు. ఎనిమిదోసారి "అమ్మ" దాకా వచ్చి, అక్కణ్ణించి పెన్సిలు సన్నటి గీతగా పేజీ అంచుదాకా పోయింది. వంటింట్లో పాలు తోడుపెట్టి వచ్చేసరికి అది పుస్తకం మీదే పడి నిద్రపోతోంది. బుగ్గ మీద స్పైరల్ తీగ అచ్చు వరసగా చిన్న చిన్న సున్నాల్లా పడింది. భుజం తట్టి లేపి మిగతా రెండూ రాయించాను. ఇప్పుడు ఆ పేజీ తీస్తే ఆ రెండు "అమ్మమ్మ"లే నా కళ్ళకి అడ్డం పడతాయి.

పొద్దున్న ఐదున్నరకి లేవాలి. అంటే పెద్దదానికి ఆరు, ఆరుంబావు గంటల నిద్ర. చిన్నాడు కూడా అక్కతో పాటు మేలుకుని పదిన్నరకి గానీ పడుకోడు కాబట్టి వాడికి ఏడు. పిల్లలు బాగానే ఉన్నారనుకున్నాను. పొద్దున్నే విసుక్కుంటే వయసు అనుకున్నాను. అన్నం సహించకపోతే వంట నచ్చలేదనుకున్నాను. ఒకరోజు టీచరు పిలిచి, మొదటి పీరియడులోనే అమ్మాయి బల్ల మీద తల వాల్చేస్తోందని చెప్పారు. ఆ వారమే తలనొప్పి అంటే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒడియా ఆయన, తెలుగు చక్కగా మాట్లాడతారు. కళ్ళు చూశారు, రక్తం తక్కువుందేమో చూశారు. తర్వాత ఆయనడిగింది ఒకే ప్రశ్న: "రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది?"

చెప్పాను. ఆయన కలం కింద పెట్టి "తెలుగు ఎక్కడికీ పోదమ్మా, మీరు మాట్లాడుతూనే ఉంటారు కదా. పిల్ల పోగొట్టుకున్న నిద్ర మాత్రం మీరు తెచ్చివ్వలేరు" అన్నారు.

ఇంటికొచ్చి చదివాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వాళ్ళు 2016లో చెప్పిన లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మా ఇంట్లో చిన్నాడికి రెండు గంటలు, పెద్దదానికి మూడు గంటల దాకా తక్కువ. అంతకంటే నన్ను కుదిపేసింది ఇంకొకటి. పగలు నేర్చుకున్నది మనసులో ఎక్కువగా కుదురుకునేది నిద్రలోనే. ఎదుగుదలకి కావలసిన హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. నేర్పడం కోసం నేను కోసిన ఆ గంటలోనే నేర్చినది నిలబడాల్సి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తెలుగు బడి మూసేశాను. నోటుబుక్కులు అటక మీద పెడుతుంటే చేతులు వణికాయి. పరాయి రాష్ట్రంలో తల్లి పిల్లలకి తెలుగు ఎందుకు నేర్పలేదో, నేర్పితే ఎందుకు ఆపిందో, మా ఊళ్ళో కూర్చుని మాట్లాడేవాళ్ళకి తెలియదు.

నిద్రవేళ ముందుకి జరపడం అనుకున్నంత తేలిక కాలేదు. తొమ్మిదింటికి లైటార్పితే పిల్లలు పదిన్నర దాకా కళ్ళు తెరుచుకునే ఉండేవారు. అప్పుడు నాకు ఫైలిన్ గుర్తొచ్చింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తుపాను తీరం దాటినప్పుడు పెద్దది ఏడాది పిల్ల. ఆ హోరులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ జోలపాడుతూ కూర్చున్నాను. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. పొద్దుగూకగానే కొవ్వొత్తి, ఏడున్నరకల్లా తిండి, ఎనిమిదింటికి ఇల్లంతా నిద్ర. మా మావగారు కూడా జీవితంలో అంత బాగా నిద్రపోలేదన్నారు. చీకటి పడుతున్నకొద్దీ మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి ఒంటికి రాత్రయిందని చెబుతుందట. మన ట్యూబులైట్లూ ఫోన్లూ ఆ కబురుని వెనక్కి నెట్టేస్తాయి. అందుకని ఎనిమిది దాటాక ముందుగదిలో ట్యూబులైటు ఆర్పేసి చిన్న పసుపు బల్బు వేయడం మొదలుపెట్టాను. ఫోన్లన్నీ, నాదీ మావారిదీ సహా, దేవుడి గది పక్క షెల్ఫులోకి పోతాయి. నాది పెట్టకుండా పిల్లలది పెట్టించడం కుదరదని మూడో రోజుకే అర్థమైంది.

వెలుతురు సంగతి పొద్దున్న కూడా ఉంది. మన దేశంలో గడియారాలన్నిటికీ సమయం లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గరగా పోతుంది. బరంపురం దానికి తూర్పున ఉంది. ఎండాకాలంలో రాజమండ్రి కంటే ఓ పావుగంట ముందే ఇక్కడ తెల్లారిపోతుంది. ఆ లేత ఎండలో పది నిమిషాలు డాబా మీద నిలబడితే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకి వస్తుంది. ఇప్పుడు మొక్కలకి నీళ్ళు పోసే పని పిల్లలదే.

మా ఇంట్లో అసలు చిక్కు మధ్యాహ్నాలది. ఎండాకాలంలో ఇక్కడ బడులు పొద్దున్న ఆరున్నరకి మొదలై పదిన్నరకి వదిలేస్తారు. పక్కింటి మావుసీ, అంటే పిన్నిలాంటి ఆవిడ, పిల్లల్ని పిలిచి పొఖాళొ పెడుతుంది. మన చద్దన్నమే, పెరుగు, వేపిన వడియాలు, కాస్త ఆకుకూరతో. అది తిన్నాక ఈ ప్రాంతంలో ఎవరూ మెలకువగా ఉండరు. మా పిల్లలు రెండింటికి పడుకుని ఐదింటికి లేచేవారు, రాత్రి పదకొండైనా కన్ను మూత పడేది కాదు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అదే మనల్ని నిద్రకి తోస్తుంది. సాయంత్రం దాకా పడుకుంటే అది కరిగిపోయి రాత్రికి ఆ తోపుడు ఉండదు. పొఖాళొ మానిపించలేదు, మానిపించను కూడా. మావుసీ చేతి అన్నం వాళ్ళ బాల్యంలో భాగం. ఒంటిగంటన్నరకి పడుకోబెట్టి రెండుంబావుకి లేపేస్తాను. లేపేటప్పుడు చిన్నాడు ఏడుస్తాడు, నేను మజ్జిగ ఇస్తాను.

పెద్దదానికి ట్యూషనుకి ముందు టీ అలవాటు. కడుపులో పడ్డ కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుందని తెలిశాక దాన్ని నాలుగింటి కప్పుకి మార్చాం. ట్యూషను కూడా ఒక గంట తగ్గించాను. దీనికి మాత్రం మావారితో వారం రోజులు వాదన జరిగింది.

దానికి పదమూడు నిండాయి. ఆ వయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర రావడం రెండు గంటల దాకా ఆలస్యమవచ్చు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పెద్ద తరగతుల బడులు ఎనిమిదిన్నరకి ముందు మొదలెట్టొద్దని చెప్పింది. మన బడులు వినవు. అందుకని దానికి తొమ్మిదీ ముప్పావు, చిన్నాడికి ఎనిమిదిన్నర అని వేరు చేశాను. ఆలస్యంగా పడుకుందని దాన్ని తిట్టడం మానేశాను. బద్ధకం అన్న మాట ఇంట్లోంచి తీసేశాం.

రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ జాతర నెలలో మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెడతాను, అన్ని రాత్రులూ కాదు గానీ. ఊరంతా డప్పులు, పులివేషాలు, దేవతా వేషాలు, తెల్లవార్లూ జనం. పోయినసారి చిన్నాడికి కృష్ణుడి వేషం వేశాం. ఒంటిగంటకి మావారి భుజం మీద కిరీటంతోనే నిద్రపోయాడు. పుట్టిన ఊరి జాతర చూడని పిల్లాడు రెండు చోట్లా పరాయివాడవుతాడు. రెండు మూడు రాత్రులు వెళ్తాం. మిగతా రాత్రులు కిటికీలు మూసి ఫ్యాను పెంచి పడుకోబెడతాను.

ఇక తెలుగు. బడి మూశాక అది పోతుందన్న దిగులు నన్ను వదల్లేదు. ఎనిమిదిన్నరకి దోమతెర దించి, బల్బు ఆర్పి, చిన్నాడి పక్కన పడుకుని ఏం చేయాలో తోచక కథ మొదలుపెట్టాను. పుస్తకం లేదు, అక్షరం లేదు, మా అమ్మమ్మ నాకు చెప్పిన వరసలోనే. ఏడుగురు అన్నదమ్ములు, ఎండని చేప, గడ్డిమోపు. ఒక్కటే షరతు పెట్టాను, ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. వాడికి ఆ ఆట తెగ నచ్చింది. చీకట్లో ఒడియా రాదు, ఇంగ్లీషు రాదు, వచ్చినా వాడే "తెలుగులో చెప్పమ్మా" అంటాడు. చీమ కుట్టింది, పుట్టలో వేలు, బంగారు పుట్ట. అక్షరాలు ఆదివారం పొద్దున్న, నిద్ర నిండిన మొహాలతో, అరగంట. నిరుడు శుభలేఖ ఒకటొస్తే పెద్దది కూడబలుక్కుంటూ ముహూర్తం దాకా చదివేసింది. దాని తలనొప్పి కూడా తగ్గింది.

మొన్న గురువారం మావారిది రాత్రి షిఫ్టు, నాకు జ్వరం. పక్క గదిలో పడుకున్నాను. ఎనిమిదిన్నరకి బల్బు ఆరిన చప్పుడు వినబడింది. కాసేపటికి పెద్దదాని గొంతు. "అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు." నా గొంతులాగే సాగదీస్తోంది.

"ఊ."

"రాజుగారికి ఏడుగురు కొడుకులు. వాళ్ళందరూ వేటకెళ్ళారు. ఏడు చేపలు తెచ్చారు. ఎండకి పెట్టారు. అందులో ఒకటి ఎండలేదు."

"ఊ." ఈసారి ఆలస్యంగా.

"చేపా చేపా ఎందుకెండలేదు అంటే, గడ్డిమోపు నాకు అడ్డమొచ్చింది అంది."

నేను చెవులు రిక్కించాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అది ఆవు దాకా ఇంకో రెండు వాక్యాలు, మెల్లగా, ఎవరూ వినకపోయినా చెప్పి ఆపేసింది. తర్వాత దోమతెర అంచు పరుపు కిందికి దోపుతున్న చప్పుడు.